మాస్టారి పేరు మీద ఇచ్చే డబ్బు ఎప్పుడు అందాలి

(వైర్‌లెస్ కమ్యూనికేషన్ బోధించిన ఒక ఆచార్యుడి స్మారక నిధి కోసం హైదరాబాదులో జరిగిన పూర్వ విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. అమ్మగారికి, మాస్టారి కుటుంబ సభ్యులకు, డిపార్ట్‌మెంట్ అధ్యాపకులకు, అమెరికా నుంచి ఆన్‌లైన్‌లో చూస్తున్న మన వాళ్ళకు, వెనక వరసల్లో కూర్చున్న రీసెర్చ్ స్కాలర్లకు నమస్కారాలు.

మాస్టారి గురించి నాకంటే దగ్గరగా తెలిసినవాళ్ళు ఇప్పటికే మాట్లాడారు. నాకు అప్పగించిన పని వేరు. ఆయన పేరు మీద ఒక నిధి పెట్టాలని అందరం అనుకున్నాం. డబ్బు కూడుతోంది. దాంతో ఏం చేయాలన్నది మాత్రం ఇంకా తేలలేదు. వాట్సాప్ గ్రూపులో చాలా ఆలోచనలు వచ్చాయి. టాపర్‌కి గోల్డ్ మెడల్ అన్నారు, ఆవరణలో విగ్రహం అన్నారు, సెమినార్ హాలుకి ఆయన పేరు పెడదామన్నారు, ఫీజు కట్టలేని పిల్లలకు స్కాలర్‌షిప్ అన్నారు. ఏదీ తీసిపారేసేది కాదు, అన్నీ ప్రేమతో చెప్పినవే. కానీ అన్నిటికీ సరిపోయేంత డబ్బు లేదు. అందుకని నేను ఒక పక్షం తీసుకుని మాట్లాడతాను. చదువు ముగిశాక వేదిక మీద ఇచ్చే బహుమతిగా కాకుండా, పని మధ్యలో ఆగిపోయే వేళకు ఈ డబ్బు విద్యార్థి చేతికి అందాలి. నా వాదన ఇంతే.

ఎందుకంటున్నానో చెప్పడానికి మన సబ్జెక్టు చరిత్రలోంచే ఒక మనిషి కథ చెబుతాను. కొంచెం పొడుగు కథ.

ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్. రిసీవర్ల చాప్టర్ చదివిన ప్రతి ఈసీఈ విద్యార్థికీ ఆయన పని తెలుసు, ఆయన జీవితం తెలిసినవాళ్ళు తక్కువ. 1890లో న్యూయార్క్‌లో పుట్టాడు. కొలంబియా యూనివర్సిటీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదువుతూ, ఇంకా డిగ్రీ చేతికి రాకముందే, 1912లో ఒక సంగతి పట్టుకున్నాడు. సంకేతాన్ని పెంచే గాజు గొట్టం ట్రయోడ్ వాల్వు. దాని ప్లేటు, అంటే బయటికొచ్చే కొస, దగ్గర వచ్చే సంకేతంలో కొంత మళ్ళీ గ్రిడ్డుకి, అంటే లోపలికెళ్ళే కొసకి, తిప్పి పంపితే అది ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఆ తిప్పి పంపడం ఇంకొంచెం పెంచితే ఆ వాల్వే స్వయంగా తరంగాలు పుట్టిస్తుంది. అంటే ఒకే సర్క్యూట్ రిసీవర్‌కీ ట్రాన్స్‌మిటర్‌కీ పనికొస్తుంది. అప్పటిదాకా హెడ్‌ఫోన్ చెవికి నొక్కి పెట్టుకుని విన్న దూరపు స్టేషన్లు ఆ కుర్రాడి గదిలో గట్టిగా వినిపించాయి.

పేటెంటు తీసుకోవాలనుకున్నాడు. ఖర్చుకు డబ్బు కావాలని తండ్రిని అడిగాడు. ముందు డిగ్రీ పూర్తి చెయ్, తర్వాత చూద్దాం అన్నాడాయన. పిల్లవాడి చదువు గురించి బెంగపడే తండ్రి అనే మాటే అది, తప్పు పట్టడానికి లేదు. ఆర్మ్‌స్ట్రాంగ్ చేయగలిగింది ఒక్కటే. సర్క్యూట్ బొమ్మ గీసి, 1913 జనవరి 31న నోటరీ చేయించి దాచుకున్నాడు. పేటెంటు దరఖాస్తు వెళ్ళింది ఆ ఏడాది అక్టోబరు చివర్లో. ఆ తర్వాత లీ డి ఫారెస్ట్ అనే మరో రేడియో ఆవిష్కర్త అదే ఆవిష్కరణ తనదని దావాకు దిగాడు. కేసు ఏళ్ళ తరబడి నడిచి, 1934లో అమెరికా సుప్రీంకోర్టులో ఆర్మ్‌స్ట్రాంగ్ ఓడిపోయాడు. ఇంజనీర్ల లోకం ఆ తీర్పును మనసులో ఒప్పుకోలేదు. రేడియో ఇంజనీర్ల సంస్థ తనకిచ్చిన మెడల్‌ను ఆయన ఆ ఏడాదే సభలో వెనక్కి ఇవ్వబోతే, వాళ్ళు తీసుకోలేదు, లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. ఆ విద్యార్థికి కొరవడింది తెలివి కాదు, ల్యాబ్ కాదు, గురువు కాదు. సరైన నెలలో కొంచెం డబ్బు. అప్పుడే దరఖాస్తు పెట్టగలిగి ఉంటే, కోర్టులో ఆయన చేతిలో నోటరీ కాగితం కంటే బలమైన పత్రం ఉండేది. తర్వాతి రోజుల్లో ఆయన ధనవంతుడయ్యాడు, ఆ కేసు మీద విపరీతంగా ఖర్చు పెట్టాడు. కానీ అంత డబ్బూ కలిసి 1912 చివర్లో అవసరమైన ఆ చిన్న మొత్తం చేయగలిగిన పని చేయలేకపోయింది.

ఆ కథలోనే రెండో పక్క ఉంది. డిగ్రీ అయ్యాక ఆర్మ్‌స్ట్రాంగ్‌కి కొలంబియాలోనే చోటు దొరికింది. ఆచార్య మైకేల్ ప్యూపిన్ దగ్గర, ఫిలాసఫీ హాల్ అనే భవనం కింది అంతస్తులో పనిచేశాడు. ఆ ప్రయోగశాల పేరు మార్సెల్లస్ హార్ట్‌లీ రీసెర్చ్ లాబొరేటరీ. హార్ట్‌లీ 1902లో చనిపోయిన న్యూయార్క్ వ్యాపారి, తుపాకులు అమ్మి సంపాదించినవాడు. ఆయన మనవడు తాత జ్ఞాపకార్థం అదే యూనివర్సిటీలో విద్యార్థుల వసతి భవనం కట్టించాడు. దానికీ హార్ట్‌లీ పేరే. రేడియో అంటే ఏమిటో తెలియకుండా పోయిన ఒక మనిషి పేరు, రేడియో రూపురేఖలు మార్చినవాడి పరిశోధన పత్రాల మీద అచ్చయింది. పోయినవారి పేరు ఇలా ముందుకు వెళ్ళడం నాకు చాలా ఇష్టమైన సంగతి.

1918లో మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో, పారిస్‌లో సైన్యంలో ఉంటూ ఆయన సూపర్ హెటరోడైన్ అనే రిసీవర్ పద్ధతి కనిపెట్టాడు. దాని గురించి మీకు నేను చెప్పక్కర్లేదు, మాస్టారు ఆ బ్లాక్ డయాగ్రమ్ నిద్రలో లేపినా గీయగలిగేలా చేశారు. 1922లో సూపర్ రీజెనరేషన్ అనే ఇంకో రిసీవర్ సర్క్యూట్ పేటెంటును ఆర్‌సీఏ అనే పెద్ద రేడియో కంపెనీకి అమ్మడంతో నగదు, షేర్లు వచ్చాయి. ఇక జీతం కోసం చూసుకోవలసిన పని లేకపోయింది. యూనివర్సిటీలో ల్యాబ్ ఉంటే చాలనుకున్నాడు, బోధన బరువు కూడా పెట్టుకోలేదు.

అప్పుడు చేతిలోకి తీసుకున్న సమస్య స్టాటిక్. మెరుపులు, మోటార్లు, ట్రాముల వల్ల రేడియోలో వచ్చే గరగర. అప్పటి రేడియో పద్ధతి ఏఎంలో మన మాట తరంగం ఎత్తులో దాగి ఉంటుంది. మెరుపు కూడా ఆ ఎత్తునే చెడగొడుతుంది. మరి ఎత్తు కాకుండా ఫ్రీక్వెన్సీ మార్చి మాట పంపితే? ఈ ఆలోచన అంతకుముందే ఉంది. అయితే ఇంజనీర్లందరూ ఫ్రీక్వెన్సీని వీలైనంత కొంచెం కదిలించి, బ్యాండ్‌విడ్త్, అంటే సంకేతం ఆక్రమించే ఫ్రీక్వెన్సీల వెడల్పు, పొదుపు చేయాలని చూశారు. అలా చేస్తే లాభం లేదని జాన్ కార్సన్ అనే ఇంజనీరు 1922లో లెక్క కట్టి చూపించాడు. ఆ లెక్క సరైనదే. దాంతో చాలామంది ఆ దారి వదిలేశారు.

ఆర్మ్‌స్ట్రాంగ్ వదల్లేదు. ఏళ్ళ తరబడి వరసగా సర్క్యూట్లు కట్టి, విప్పి, మళ్ళీ కట్టి, చివరికి అందరూ అనుకున్నదానికి ఎదురు వెళ్ళాడు. ఫ్రీక్వెన్సీని ధారాళంగా, విశాలంగా ఊపాడు. రిసీవర్‌లో లిమిటర్ పెట్టి, ఎత్తులో వచ్చిన చెడునంతా కోసేశాడు. గరగర మాయమైంది. 1933 డిసెంబరు 26న పేటెంట్లు వచ్చాయి. 1935 నవంబరులో న్యూయార్క్‌లో రేడియో ఇంజనీర్ల ముందు, పక్కనే ఉన్న యాంకర్స్ ఊళ్ళో ఒక స్నేహితుడి హామ్ (అభిరుచి కోసం నడిపే) రేడియో స్టేషన్ నుంచి ప్రసారం చేసి వినిపించాడు. అక్కడ గ్లాసులో నీళ్ళు పోస్తే ఇక్కడ నీళ్ళు పోసిన చప్పుడే వినిపించింది. ఈరోజు మన 88 నుంచి 108 మెగాహెర్ట్జ్ మధ్య వినే ఎఫ్ఎం అంతా అక్కడినుంచి వచ్చిందే. బ్యాండ్‌విడ్త్ ఎక్కువ ఇచ్చి శబ్దాన్ని తగ్గించుకోవచ్చన్న ఆ బేరం, తర్వాత 1948లో క్లాడ్ షానన్ రాసిన సమాచార సిద్ధాంతంలో స్పష్టమైన లెక్కగా నిలబడింది.

అన్నేళ్ళు. మధ్యలో ప్రోగ్రెస్ రిపోర్ట్ లేదు, రివ్యూ కమిటీ లేదు, అరవై శాతం ఫండ్స్ వాడారా అన్న యుటిలైజేషన్ సర్టిఫికెట్ లేదు. ఆ ఓపిక ఆయనకు తన సొంత డబ్బు ఇచ్చింది. మన ల్యాబులో ఉన్న పిల్లలకు ఆ ఓపిక ఎవరు ఇస్తారు?

మిగతా కథ విషాదం, త్వరగా చెబుతాను. న్యూజెర్సీలోని ఆల్పైన్ దగ్గర సొంత డబ్బుతో పెద్ద టవరు కట్టి ఎఫ్ఎం ప్రసారాలు చేశాడు. 1945లో ప్రభుత్వం ఎఫ్ఎం బ్యాండునే మార్చేయడంతో అప్పటిదాకా అమ్మిన రిసీవర్లన్నీ పనికిరాకుండా పోయాయి. పేటెంట్ల కోసం 1948లో ఆర్‌సీఏ మీద దావా వేశాడు. డబ్బు, ఆరోగ్యం, మనశ్శాంతి అన్నీ కరిగిపోయాయి. 1954 జనవరి ఆఖరి రాత్రి ప్రాణం తీసుకున్నాడు. ఆయన భార్య మేరియన్ వెనక్కి తగ్గలేదు. ఆర్‌సీఏతో కేసు ఆ ఏడాది చివర్లోనే రాజీ అయింది, మిగతా కంపెనీలతో ఒక్కొక్కటిగా పోరాడింది. ఆఖరి కేసు 1967లో ఆయన పక్షానే ముగిసింది. ఆల్పైన్ టవరు ఇప్పటికీ నిలబడి ఉంది. 2001 సెప్టెంబరులో ప్రపంచ వాణిజ్య కేంద్రం కూలి, దాని మీది యాంటెన్నాలు పోయినప్పుడు, కొన్ని న్యూయార్క్ టీవీ స్టేషన్లు ఆ టవరు మీది నుంచే ప్రసారాలు చేశాయి.

ఆయన పోయాక స్నేహితులు, సహోద్యోగులు కలిసి 1955లో ఆయన పేరిట ఒక స్మారక పరిశోధన ఫౌండేషన్ పెట్టారు. మంచి ఎఫ్ఎం కార్యక్రమాలకు అవార్డులిచ్చారు. ఆయన కాగితాలను, నోటు పుస్తకాలను భద్రపరిచి కొలంబియా లైబ్రరీకి చేర్చారు. చరిత్రకు అది గొప్ప మేలు. కొలంబియా ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ విభాగం చదువు పూర్తిచేస్తున్న మెరుగైన విద్యార్థులకు ఆయన పేరిట స్మారక అవార్డు కూడా ఇస్తుంది. గౌరవమైన పని. అయినా నాకు తోచేది చెబుతాను. ఆ అవార్డు అందుకునే విద్యార్థికి డిగ్రీ చేతికి వచ్చేసినట్టే. 1912లో ఆర్మ్‌స్ట్రాంగ్‌కి డబ్బు కావలసింది డిగ్రీకి ముందు. ముందు డిగ్రీ, తర్వాత డబ్బు అని ఆనాడు తండ్రి చెప్పిన వరసే మన గోల్డ్ మెడల్‌లోనూ ఉంది. మనం ఆ వరస తిప్పుదాం అంటున్నాను.

మన దేశం సంగతి కూడా చూడాలి. వైర్‌లెస్ చదువు ఇక్కడ వేళ్ళూనుకున్నదే దాతల నిధుల మీద. కలకత్తాలో తారకనాథ్ పాలిత్, రాస్‌బిహారీ ఘోష్ ఇద్దరూ వకీళ్ళు. 1912, 1913 సంవత్సరాల్లో లక్షల రూపాయలు యూనివర్సిటీకి రాసిచ్చారు. ఆ డబ్బుతోనే అశుతోష్ ముఖర్జీ 1914లో సైన్స్ కాలేజీకి పునాది వేశారు. ఆ పీఠాల్లో భారతీయులనే ఆచార్యులుగా నియమించాలని దాతలు షరతు పెట్టారు. అక్కౌంట్స్ శాఖలో ఉద్యోగం చేసుకుంటున్న సి.వి. రామన్ 1917లో పాలిత్ ప్రొఫెసర్‌గా వచ్చింది ఆ నిధి వల్లే.

రామన్ దగ్గర పరిశోధన చేసిన శిశిర్ కుమార్ మిత్ర ఫ్రాన్స్ వెళ్ళి, అక్కడ రేడియో వాల్వుల మీద పని చూసి, ఈ సబ్జెక్టు మన ఎమ్మెస్సీలో పెట్టాలని పట్టుబట్టారు. 1923లో తిరిగి వచ్చి ఖైరా ప్రొఫెసర్ అయ్యారు. అది ఖైరా జమీందారు ఇచ్చిన నిధి మీద నడిచిన పీఠం. తర్వాత 1935లో ఘోష్ ప్రొఫెసర్ అయ్యారు. వైర్‌లెస్ ల్యాబ్, అయనోస్ఫియర్ (రేడియో తరంగాలను వంచే పై వాతావరణ పొర) కొలతలు, చివరికి 1949లో రేడియో ఫిజిక్స్ అండ్ ఎలక్ట్రానిక్స్ ఇన్‌స్టిట్యూట్, అన్నీ ఆ కుర్చీలో కూర్చున్న మనిషి పట్టుదల నుంచి వచ్చాయి. ఆ వకీళ్ళలో ఎవరికీ అయనోస్ఫియర్ అనే మాట తెలిసి ఉండదు. వాళ్ళు నిధి ఇచ్చారు, ఏం చదవాలో ఆచార్యులకు వదిలేశారు. అదే వాళ్ళు చేసిన గొప్ప పని అని నా అభిప్రాయం.

మన తెలుగు నేల మీదా ఇలాంటిదే ఉంది. వాల్తేరులో ఆంధ్రా యూనివర్సిటీ సైన్సు కాలేజీకి జయపురం మహారాజా విక్రమదేవ వర్మ పేరు ఊరికే రాలేదు. ఆయన ఏటా లక్ష రూపాయలు ఇచ్చి దాన్ని నిలబెట్టారు. ఆ ఆవరణలోనే తర్వాత ఆచార్య బి. రామచంద్రరావు గారు అయనోస్ఫియర్ పరిశోధనను పెంచి, ఎంతోమంది శిష్యులను తయారుచేశారు.

ఇక మన ల్యాబ్‌కి వద్దాం. పై అంతస్తులో ఉన్న ల్యాబ్ మీలో చాలామంది ఈ ఉదయం చూశారు. ఇప్పుడు వైర్‌లెస్ పరిశోధనకు డబ్బు లేదనడం అబద్ధం. 5జీ, 6జీ పేరుతో ప్రభుత్వ ప్రాజెక్టులు వస్తున్నాయి, కంపెనీలు వస్తున్నాయి. అయితే ఆ డబ్బుకి ఒక స్వభావం ఉంది. మూడేళ్ళలో అయిపోవాలి, ముందే రాసిన ఫలితం చూపించాలి, పరికరం కొనడానికి ఇస్తుంది కానీ దాని పోషణకు ఇవ్వదు. సర్క్యూట్లను, యాంటెన్నాలను కొలిచే నెట్‌వర్క్ ఎనలైజర్ కొనడానికి లక్షల్లో గ్రాంటు వస్తుంది. ప్రాజెక్టు ముగిశాక దాన్ని కాలిబ్రేషన్‌కి, అంటే కొలత సరిచూడడానికి, పంపడానికి డబ్బుండదు. మిల్లీమీటర్ తరంగాల దగ్గర కేబుల్ కొంచెం వంగినా, కనెక్టర్ కొంచెం అరిగినా కొలత మారిపోతుంది. అరిగిన కనెక్టర్‌తో తీసిన రీడింగ్ మీద ఒక పిల్ల ఏడాది పని ఆధారపడి ఉంటుంది. ఆ కనెక్టర్ మార్చడానికి ఏ హెడ్డు కింద బిల్లు పెట్టాలో తెలియక గైడ్లు జేబులోంచి ఇస్తారు. మాస్టారు ఎన్నిసార్లు కోఠి గుజరాతీ గల్లీకి మమ్మల్ని పంపి, పార్టులకు తన జీతంలోంచి ఇచ్చారో ఇక్కడున్న ప్రతి బ్యాచ్‌కీ తెలుసు.

ఇంకో సంగతి. వైర్‌లెస్‌లో కొన్ని ప్రశ్నలకు ప్రకృతి తన సమయం తాను తీసుకుంటుంది. మనం భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్నాం. సూర్యాస్తమయం తర్వాత మన మీది అయనోస్ఫియర్ అల్లకల్లోలమై, జీపీఎస్, మన దేశపు నావిక్ ఉపగ్రహ సంకేతాలు రెపరెపలాడతాయి. అది ఎప్పుడు, ఎంత అన్నది సూర్యుడి మచ్చల ఆవృత్తిని బట్టి మారుతుంది. ఆ ఆవృత్తి సుమారు 11 ఏళ్ళు. ఇప్పుడు నడుస్తున్నది 2019 డిసెంబరులో మొదలైంది. మూడేళ్ళ ప్రాజెక్టుతో పదకొండేళ్ళ మార్పును ఎలా కొలుస్తాం? ఒక రిసీవర్ ఆపకుండా నడవాలి, దాని డేటా ఎవరో ఒకరు రోజూ భద్రం చేయాలి. అలాగే వానల వల్ల 10 గిగాహెర్ట్జ్ పైన సంకేతం ఎంత తగ్గుతుందో తెలియాలంటే, మన ఊరి వానను మన ఊళ్ళోనే వరసగా చాలా వానాకాలాలు కొలవాలి. చలిదేశాల పట్టికలు మన జూలై వానకు సరిపోవు. ఈ పనికి ఖర్చు తక్కువ, ఓపిక ఎక్కువ. అందుకే ఏ స్పాన్సరూ ముందుకు రాడు. స్మారక నిధికి మాత్రం తొందర ఏముంది? ఎవరి పేరు మీద పెట్టామో ఆయనకు ఈ ఏడాది ఫలితం చూపించనక్కర్లేదు.

ఇక మనుషుల సంగతి. ఎంటెక్‌లో గేట్ ఉన్నవాళ్ళకు నెలకు 12,400 రూపాయలు వస్తాయి. అదీ గేట్ లేనివాళ్ళకు లేదు. పీహెచ్‌డీలో జేఆర్ఎఫ్, అంటే జూనియర్ ఫెలోషిప్, వస్తే మొదట నెలకు 37,000, తర్వాత సీనియర్ ఫెలోషిప్, మొత్తం ఐదేళ్ళు. మంచిదే. కానీ ప్రయోగం చేసే స్కాలర్లలో ఐదేళ్ళకు థీసిస్ ఇచ్చేవాళ్ళు ఎంతమంది? యాంటెన్నా ఫ్యాబ్రికేషన్‌కి పోయి తిరిగి రావడానికి నెలలు, యాంటెన్నాను కొలిచే ఛాంబర్‌లో స్లాట్ కోసం మరికొన్ని నెలలు. పెళ్ళయి, పాప పుట్టి, కొంతకాలం ఆగిన అమ్మాయికి ఫెలోషిప్ అయిపోతుంది, పని మిగిలిపోతుంది. సరిగ్గా ఆ ఆరో ఏట, అంతా దగ్గరికి వచ్చాక, ఏదో ప్రైవేటు కాలేజీలో వారానికి ఇరవై గంటల క్లాసులు ఒప్పుకుని వెళ్ళిపోతారు. థీసిస్ అక్కడే ఉంటుంది. ఇలా ఆగిపోయిన మంచి పనులు నేను చూశాను, మీరూ చూశారు. ఆ ఆరు నెలలకో ఎనిమిది నెలలకో సరిపడా డబ్బు ఎవరూ ఇవ్వరు. మన నిధి ఇవ్వగలదు.

లెక్క చెబుతాను. మనకు 25 లక్షలు కూడాయనుకుందాం. ఏడు శాతం వడ్డీ మీద ఏడాదికి లక్షా డెబ్బై ఐదు వేలు వస్తుంది. అదంతా ఖర్చు పెట్టేస్తే, ధరలు పెరిగే కొద్దీ నిధి పేరు మిగులుతుంది, విలువ మిగలదు. అందుకే అమెరికా యూనివర్సిటీలు సాధారణంగా తమ నిధిలో ఏటా నాలుగైదు శాతమే ఖర్చుచేసి, మిగతాది అసలులో కలుపుతాయి. మనం కూడా వడ్డీలో మూడో వంతు వెనక్కి వేద్దాం. మిగిలిన సుమారు లక్షా పదహారు వేలు చిన్న మొత్తంలా కనిపిస్తుంది. దాంతో ఒక స్కాలర్ ఆఖరి నెలలు గడుస్తాయి, లేదా ఇద్దరు ముగ్గురు ఎంటెక్ పిల్లల సర్క్యూట్ బోర్డులు, కేబుళ్ళు, ఒక కాన్ఫరెన్స్ టికెట్టు అయిపోతాయి. అదే డబ్బు భవనంలో వేస్తే ఒక గోడకు రంగు వస్తుంది.

ఇదంతా ప్రభుత్వం చేయాల్సిన పని కదా అని ఒక సీనియర్ అడిగారు. నిజం, చేయాలి, అడుగుతూనే ఉండాలి. పోస్టులు ఖాళీగా ఉంచి విరాళాలతో నడపమంటే ఒప్పుకోకూడదు. మన నిధి జీతాలకు ప్రత్యామ్నాయం కాదు, కాకూడదు. ఆ మాట డీడ్‌లో, అంటే నిధి ఒప్పంద పత్రంలో, రాద్దాం. ఇంకొకరు, టాపర్‌ని గౌరవించకపోతే ప్రతిభకు విలువేముంది అన్నారు. టాపర్‌కి క్యాంపస్‌లో మంచి ఉద్యోగం వస్తోంది, కంపెనీయే గౌరవిస్తోంది. ల్యాబ్‌లో రాత్రి తొమ్మిదింటిదాకా కూర్చుని, రీడింగ్ ఎందుకు తేడా వచ్చిందో తేలేదాకా ఇంటికి వెళ్ళని పిల్లలున్నారు. వాళ్ళ మార్కులు ఒక్కోసారి తక్కువగా ఉంటాయి. మాస్టారు దగ్గరకు తీసింది ఎప్పుడూ వాళ్ళనే.

ఇవ్వడంలోనూ మర్యాద ఉండాలని నా మనవి. సహాయం తీసుకున్న విద్యార్థిని స్టేజీ ఎక్కించి, పెద్ద అట్ట చెక్కు చేతికిచ్చి ఫోటోలు తీయొద్దు. అవసరం రాసిన అర కాగితం, గైడ్ సంతకం, పదిహేను రోజుల్లో డబ్బు. అంతే చాలు. ఏడాదికోసారి, తాను ఏం కొలిచానో, ఏం తేలిందో ఆ విద్యార్థి అమ్మగారికి ఒక ఉత్తరం రాస్తే బాగుంటుంది. ప్రయోగం విఫలమైతే అదీ రాయొచ్చు. విఫలమైన ప్రయోగానికి డబ్బు తిరిగి అడగకూడదు, ఇది కూడా డీడ్‌లో ఉండాలి. ఏ టాపిక్ మీద పనిచేయాలో మనం చెప్పకూడదు. మాస్టారు యాంటెన్నాల మనిషే అయినా, నిధిని యాంటెన్నాలకే కట్టేయొద్దు. ముప్పై ఏళ్ళ తర్వాత ఈ డిపార్ట్‌మెంట్‌లో ఏం చదువుతారో ఈ హాల్లో ఎవరికీ తెలియదు. కలకత్తా వకీళ్ళు చూపిన దారి అదే.

విదేశాల్లో ఉన్నవాళ్ళకు ఒక ముఖ్యమైన మాట. ఇంకా భారత పౌరసత్వం ఉన్నవాళ్ళు మామూలుగా ఇవ్వొచ్చు. అక్కడి పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డు మీద ఉన్నవాళ్ళు ఇచ్చేది చట్టప్రకారం విదేశీ విరాళం అవుతుంది. దానికి విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) నిబంధనలు వర్తిస్తాయి. దయచేసి స్నేహితుడి అకౌంటుకి పంపి సర్దేద్దాం అనుకోకండి. ఫైనాన్స్ ఆఫీసరు గారు సరైన దారి చెప్పేదాకా ఆగండి. మీ కంపెనీలో మ్యాచింగ్ గిఫ్ట్ ఉంటే దాని నియమాలు కూడా ఈలోపు చూడండి. ఇక్కడివాళ్ళు పన్ను మినహాయింపు గురించి తమ ఆడిటర్‌ని అడగాలి, కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్ళకు విరాళం మీద ఆ మినహాయింపు రాదు.

తక్కువ ఇవ్వగలిగినవాళ్ళు సంకోచపడొద్దు. మొదటి జీతంలోంచి వెయ్యి రూపాయలు పంపిన ఒక అబ్బాయి, ఇంత తక్కువ పంపినందుకు ఏమనుకోవద్దని మెసేజ్ పెట్టాడు. ఆ వెయ్యికి రెండు మంచి కనెక్టర్లు రాకపోవచ్చు, ఒకటి తప్పకుండా వస్తుంది. ఏటా కొద్దికొద్దిగా పంపేవాళ్ళు వందమంది ఉంటే, ఒకేసారి పెద్ద మొత్తం ఇచ్చి మరచిపోయే ఒకరికంటే ఈ నిధికి ఎక్కువ బలం.

నా ప్రతిపాదన ఇది. అసలు నిధి డిపార్ట్‌మెంట్ పేరిట కాకుండా యూనివర్సిటీ కార్పస్ (శాశ్వత మూలధనం)లో, మాస్టారి పేరుతో విడి ఖాతాగా ఉండాలి. కమిటీలో ఇద్దరు అధ్యాపకులు, ఇద్దరు పూర్వ విద్యార్థులు, కుటుంబం తరఫున ఒకరు, ఇప్పుడు చదువుతున్న స్కాలర్లలోంచి ఒకరు ఉండాలి. ఆ ఆఖరి వ్యక్తికి మిగతావారితో సమానంగా ఓటు ఉండాలి. ల్యాబ్‌లో ఏం ఆగిపోయిందో అందరికంటే బాగా తెలిసేది వాళ్ళకే. వడ్డీ వచ్చేదాకా ఏడాది ఆగకుండా, మొదటి ఏడాది ఖర్చుకు విడిగా కొంత ఇస్తామని మా బ్యాచ్ ఒప్పుకుంది. ఆ డబ్బు వచ్చే నెల నుంచే వాడొచ్చు.

వెనక కూర్చున్న స్కాలర్లకు ఇప్పుడు తెల్లకాగితాలు పంచుతారు. మీ పని ఎక్కడ ఆగింది, దేనికి ఆగింది, ఎంత కావాలి, ఈ మూడే రాయండి. పేరు రాయడం ఇష్టం లేకపోతే గైడ్ పేరు రాస్తే చాలు. టీ బ్రేక్‌లో వాటిని చదివి, మధ్యాహ్నం సెషన్‌లో డీడ్ ముసాయిదాతో పాటు చర్చకు పెడతాం. అధ్యాపకులు ఎవరైనా నా లెక్కలో తప్పు చూస్తే అప్పుడే చెప్పండి. ఇప్పుడు ప్రశ్నలు అడగొచ్చు.